ఆత్మశుద్ధి, చిత్తశుద్ధి: వేమన పద్యంలో ఇవి రెండా, ఒకటా?

ప్రశ్న

“ఆత్మశుద్ధి లేని యాచారమది యేల
భాండశుద్ధి లేని పాకమేల
చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా
విశ్వదాభిరామ వినుర వేమ”

బడిలో ఈ ఆటవెలదిని వల్లె వేయని తెలుగువారు అరుదు. ఈ మధ్య ఒక ఉపన్యాసంలో వక్త దీనికి కొత్త అన్వయం చెప్పారు. మొదటి పాదంలో ఆత్మ, రెండవ పాదంలో భాండమనే పేరుతో దేహం, మూడవ పాదంలో మనస్సు ఉన్నాయనీ, ఈ మూడింటి శుద్ధినీ వేమన వరుసగా విధించాడనీ ఆయన వివరణ. వినడానికి బాగానే ఉంది కానీ నాకు రెండు సందేహాలు మిగిలాయి. ఆత్మ నిత్యశుద్ధమని వేదాంతులు అంటుండగా దానికి మళ్లీ శుద్ధి ఏమిటి? పోనీ, ఇక్కడ ఆత్మ అన్నా చిత్తమన్నా ఒకటేననుకుంటే, నాలుగు పాదాల చిన్న పద్యంలో కవి ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్లు కాదా? తెలిసిన పెద్దలు వివరించగోరుతున్నాను.

సమాధానం

ఆ అన్వయం పొందికగా అమరిన మాట నిజమే కానీ, పద్యం దానికి ఒప్పుకోదని నా అభిప్రాయం. మీ మొదటి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

‘ఆత్మ’ అనగానే దేహంలో ఉండి దేహానికి వేరైన వస్తువు ఒక్కటే మనకు స్ఫురిస్తుంది. సంస్కృతంలో ఈ మాటకు అంత కట్టుబాటు ఎన్నడూ లేదు. “ఆత్మా యత్నో ధృతిర్బుద్ధిః స్వభావో బ్రహ్మ వర్ష్మ చ” అని సంస్కృత నిఘంటువైన అమరకోశం నానార్థవర్గంలో ఉంది. అంటే ప్రయత్నం, ధైర్యం, బుద్ధి, స్వభావం, బ్రహ్మం, చివరికి దేహం కూడా ఆత్మ శబ్దానికి అర్థాలే. కఠోపనిషత్తులోని రథ రూపకంలో ఈ జారుడుతనం కళ్లకు కట్టినట్లు కనబడుతుంది. ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం అని ఒక మంత్రం చెబుతుంది. ఆ వెంటనే వచ్చే మంత్రంలో “ఆత్మేంద్రియమనోయుక్తం” అన్నచోట మొదటి పదానికి శంకరులు శరీరమనే అర్థం చెప్పారు. పక్కపక్కనే ఉన్న రెండు మంత్రాలలో ఒకే మాట ఒకచోట రథికుడు, మరొకచోట రథమే అయింది.

ఇక ‘ఆత్మశుద్ధి’ అనే సమాసం. ఇది వేమన కల్పించినది కాదు. భగవద్గీత ఐదవ అధ్యాయంలో యోగులు సంగం, అంటే ఫలాసక్తి, విడిచి “ఆత్మశుద్ధయే” కర్మ చేస్తారని ఉంది. శంకరభాష్యం దానికి సత్త్వశుద్ధి, అంటే మనస్సు శుద్ధి, కోసమని అర్థం చెబుతుంది. ఆరవ అధ్యాయంలో “ఆత్మవిశుద్ధయే” అన్నచోట అంతఃకరణం శుద్ధి కావడానికని మరింత విడమరచింది. ఆత్మకు మాలిన్యం అంటదని గట్టిగా వాదించిన ఆచార్యుడు ఈ సమాసం వద్ద ఏ ఇబ్బందీ పడకుండా దాన్ని మనస్సు వైపు తిప్పుకున్నాడు. అది ఆయన వేసిన ఎత్తుగడ కాదు, ఆనాటికి వాడుకలో ఉన్న అర్థాలలో ఒకదాన్ని ఎంచుకోవడమే. జైనుల సంగతి వేరు. వారి మతంలో కర్మ ఒక సూక్ష్మ పదార్థం, అది జీవునికి నిజంగానే అంటుకుంటుంది, దాన్ని రాల్చుకోవడమే మోక్షమార్గం. కాబట్టి జీవునికి శుద్ధి అంటే వారికి అక్షరార్థమే సరిపోతుంది. బౌద్ధులకు చిత్తశుద్ధి ఉంది కానీ శుద్ధి చేసుకోవలసిన ఆత్మే లేదు. మొదటి పాదాన్ని అద్వైతి, జైనుడు, బౌద్ధుడు మూడు తీరుల చదవవలసిందే. మూడవ పాదం దగ్గర ముగ్గురికీ పేచీ లేదు.

మీ రెండవ సందేహానికి జవాబు వేదాంతంలో కాదు, ఛందస్సులో ఉంది. ఆటవెలదిలో ప్రతి పాదానికీ నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం తొలి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు. మొదటి పాదంలో ‘ఆచారం’ అక్కడ పడింది, దానికి ‘ఆత్మ’ కలుస్తుంది. రెండవ పాదంలో ‘పాకం’, దానికి ‘భాండం’. మూడవ పాదంలో ‘శివ’, దానికి ‘చిత్తం’. మొదటి, మూడవ పాదాల తొలి మాటలను తారుమారు చేసి చూడండి: “చిత్తశుద్ధి లేని యాచారము” అంటే యతి చెడుతుంది, “ఆత్మశుద్ధి లేని శివపూజ” అన్నా చెడుతుంది. గణాలలో మాత్రం లోటు రాదు, ఎందుకంటే ఆత్మ, చిత్తం రెండూ గురులఘువులే. ఒకే అర్థానికి రెండు పర్యాయపదాలు దొరికిన కవి యతికి కుదిరినదాన్ని కుదిరినచోట వాడుకున్నాడు. అందువల్ల ఈ మాటల తేడా మీద ఒక దర్శనాన్నే నిలబెట్టడం సాహసమని అంటున్నాను. పునరుక్తి దోషం కూడా లేదు, ఎందుకంటే మొదటిది ఆచారాలన్నిటి గురించి, మూడవది వాటిలో ముఖ్యమైన పూజ గురించి.

చిత్తమంటే ఏమిటన్నది మరో ముడి. అద్వైతాన్ని పరిచయం చేసే ప్రకరణ గ్రంథాలలో అంతఃకరణాన్ని నాలుగుగా విభజించినప్పుడు సంకల్పవికల్పాలు మనస్సుకు, నిశ్చయం బుద్ధికి, ‘నేను’ అనుకోవడం అహంకారానికి, స్మరణ చిత్తానికి పంచారు. యోగసూత్రాల కర్త పతంజలి “యోగశ్చిత్తవృత్తినిరోధః” అన్నప్పుడు మాత్రం చిత్తమంటే ఆ మొత్తమూను. ఈ పద్యానికి మొదటి లెక్క పట్టిస్తే జ్ఞాపకశక్తి శుభ్రంగా లేని శివపూజ ఎందుకని చదువుకోవాలి, అది హాస్యాస్పదం. తెలుగు వాడుక రెండవ వైపు మొగ్గింది. కొలువులో ‘చిత్తం, మహాప్రభో’ అన్నవాడు తమ సంకల్పమే నా నడక అంటున్నాడు. పాత ఉత్తరాల్లో ‘చిత్తగించవలెను’ అంటే మనసు పెట్టి వినవలెనని. వేమన శ్రోతల చెవిలో పడిన చిత్తం ఇదే. “చిత్తశుద్ధి కలిగి చేసిన పుణ్యంబు” అనే ఆయన మరో పద్యంలోనూ ఉద్దేశం కల్తీ లేకుండా ఉండడమే అర్థం.

నాకు అన్నిటికంటే బలంగా తోచే ఆధారం మధ్యపాదం. ముందురోజు పులుసు కాచిన గిన్నెను సరిగా తోమకుండా అందులో పాలు కాస్తే విరిగిపోతాయి. పాలు మంచివే, మంట సరిగానే ఉంది, కాచిన మనిషికీ పనితనం ఉంది. చెడినది పాత్ర ఒక్కటే. శుద్ధి అవసరమైనది కర్తకు కాదు, అతడు వాడే సాధనానికి. ఈ పోలికను అటూ ఇటూ ఉన్న పాదాలకు పట్టించి చూస్తే, పూజ చేసేవాడు వేరు, పూజ జరిగే సాధనం వేరు. ఆ సాధనాన్నే మన శాస్త్రాలు అంతఃకరణం, అంటే లోపలి పనిముట్టు, అన్నాయి. కాబట్టి భాండం దేహానికి సంకేతం కాదు, ఆత్మశుద్ధి, చిత్తశుద్ధి అనే రెండింటికీ అదే దృష్టాంతం.

ఉపన్యాసకుని విభజన ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో కూడా ఊహించవచ్చు. ఆలోచించేదంతా ఆత్మ వైపు, చోటు ఆక్రమించేదంతా దేహం వైపు అని ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో అచ్చయిన గ్రంథంలో గీత గీశాడు. అలాగైతే చోటులేని ఆత్మ దేహాన్ని ఎట్లా కదిలించగలదని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643 మే నెలలో ఆయనకు రాసిన లేఖలో నిలదీసింది. ఆయన జవాబులు ఆమెను తృప్తిపరచలేదు. నా దృష్టిలో ఆ ఉత్తరప్రత్యుత్తరాలలో పైచేయి ఆమెదే. ఇంగ్లీషు చదువుల ద్వారా ఆ గీత మన తలల్లోకీ ఎక్కింది. మన దర్శనాలలో సాంఖ్యులు గీసిన గీత వేరే చోట ఉంది: వారి లెక్కలో మనస్సు, బుద్ధి, అహంకారం కూడా దేహంతోపాటు ప్రకృతి వైపే ఉన్నాయి, అవతల చైతన్యమైన పురుషుడు ఒక్కడే. న్యాయదర్శనం వారైన నైయాయికులు జ్ఞానాన్ని ఆత్మకు గుణంగా ఇచ్చి, మనస్సును అణువంత ద్రవ్యంగా విడిగా ఉంచారు. ఒకేసారి రెండు జ్ఞానాలు కలగకపోవడమే అటువంటి మనస్సు ఉందనడానికి గుర్తని వారి సూత్రం. వీరిలో ఎవరికీ మనస్సూ దేహమూ ఎదురెదురు పక్షాలు కావు.

ఒక ఆక్షేపణ

మాస్టారూ, యతి గురించి మీరు చెప్పినది కాదనలేను. కానీ భాండం దేహం కాదని అంత తేలికగా కొట్టివేయడం నాకు నచ్చలేదు. హఠయోగ గ్రంథమైన ఘేరండసంహిత దేహాన్ని ఘటమనే పిలుస్తుంది. నీళ్లలో పెట్టిన పచ్చికుండలా దేహం కరిగిపోతుంది గనుక యోగాగ్నిలో కాల్చి “ఘటశుద్ధిం సమాచరేత్” అని అందులో ఉంది. ఘటశుద్ధికీ భాండశుద్ధికీ ఎంత దూరం? పండితుల దాకా ఎందుకు, మాట వినని పిల్లవాణ్ణి మనం నేటికీ ‘మొండిఘటం’ అంటాము. వేమన యోగి అని లోకం నమ్ముతుంది. ఆయన నోట కుండ మాట వస్తే దేహం గుర్తుకు రాకుండా ఉంటుందా? మీరే చెప్పిన అమరకోశం ప్రకారం ఆత్మ శబ్దానికి దేహం కూడా అర్థమే కదా. మరి మొదటి పాదంలోని ఆత్మశుద్ధి స్నానశౌచాదులే ఎందుకు కాకూడదు?

మరలా సమాధానం

ఘటశుద్ధిని మీరు గుర్తుచేయడం బాగుంది, తోలుతిత్తి, కుండ, మట్టిబొమ్మ అంటూ దేహాన్ని పాడిన తత్త్వాల దగ్గర ఆ పోలిక అక్షరాలా వర్తిస్తుంది. ఈ పద్యంలో మాత్రం ‘పాకం’ అడ్డు వస్తుంది. భాండం దేహమైతే అందులో ఉడికే పాకం ఏమిటో చెప్పాలి. కర్మపరిపాకమని చెప్పవచ్చు, కానీ ‘లేని’, ‘ఏల’ అనే మాటలతో మూడు పాదాలూ ఒకే అచ్చులో నడుస్తున్నాయి. ఆచారం, పాకం, శివపూజ మూడూ మనిషి పూనుకొని చేసే పనులు. కర్మపరిపాకం మనం పూనుకొని చేసేది కాదు, తనంతట వచ్చి పడేది. దాన్ని ‘ఏల’ అని ప్రశ్నించడంలో అర్థం లేదు.

ఆత్మశుద్ధి స్నానశౌచాదులన్న సూచన ఇంతకంటే కష్టం. ఆచారమంటేనే స్నానం, మడి, బొట్టు వంటివి. దేహశుద్ధి లేని దేహశుద్ధి ఎందుకని వేమన అడిగినట్లు అవుతుంది. పైగా ఆయన ఎగతాళి చేసినది ఒళ్లు కడుక్కోని వారిని కాదు, ఒళ్లు మాత్రమే కడుక్కున్న వారిని.

ఆత్మ శబ్దం తెలుగులో దేహానికి దగ్గరగా వచ్చిన చోటు ఒకటి ఉంది, దాన్ని మీ పక్షాన వాడుకోవచ్చు. ఆకలి వేసినప్పుడు ‘ఆత్మారాముడు గోల పెడుతున్నాడు’ అంటాము. సంస్కృతంలో తనలో తాను రమించే జ్ఞానికి పెట్టిన పేరు తెలుగువాడి నోట కడుపు అయింది. ‘ఆత్మహత్య’లోనూ చంపబడేది దేహమే, గీత చెప్పిన చావులేని ఆత్మ కాదు. అయితే ఈ వాడుకలు ఏవీ ‘శుద్ధి’ అనే మాటతో జతకట్టలేదు. ఆత్మశుద్ధి అన్నప్పుడు కడుపునో ఒంటినో తలచే తెలుగువాణ్ణి నేను ఇంతవరకు వినలేదు. మీకు పాత కావ్యాలలో అటువంటి ప్రయోగం కనబడితే పద్యం మొత్తం ఇక్కడ పెట్టండి, సమాసాన్ని సందర్భంతో కలిపి చూద్దాం.