డిసెంబరు 29 కలయిక: పనుల పంపకం, తేలాల్సిన సంగతులు

(అమెరికాలో ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల సంఘం మాటలివి. ఎవరి ఊరి పేరుతో వాళ్లు రాశారు.)

టెక్కలి – సమన్వయం – డిసెంబరు 9, 2018

అందరికీ నమస్కారం. చేద్దామా మానేద్దామా అన్న చర్చ ఇక్కడితో ఆపేద్దాం. చేస్తున్నాం. 29 శనివారం, న్యూజెర్సీ ఎడిసన్‌లో మాట్లాడిన హాలు, పొద్దున్న 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు. పెద్దలు 160, పిల్లలు 40 అని లెక్క. తిత్లీ తుపాను వచ్చిన ఏడు పండగేటని అడిగేవాళ్లకి ఒక్కటే జవాబు: మానేస్తే ఎవరింట్లో వాళ్లు టీవీ చూస్తారు, తుపానుకి కొబ్బరి తోటలు పడిపోయిన ఉద్దానానికి పైసా వెళ్లదు. కాకపోతే డీజే, ఫ్యాషన్ షో, లక్కీ డిప్ ఈసారి లేవు.

సాయంత్రం పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. రేకు తప్పెట్లు కట్టుకుని ఆడే తప్పెటగుళ్ల దళం ఊరి నుంచి వీడియోలో ఆడాలి. చలికాలంలో మనకీ ఇండియాకీ తేడా పదిన్నర గంటలు. ఇక్కడ సాయంత్రం 6 అంటే వాళ్లకి మర్నాడు తెల్లవారుజాము 4:30. ఆ వేళ ఎవరు గజ్జె కడతారు? మన 10:30 వాళ్లకి రాత్రి 9, హాయిగా ఆడతారు.

హాలు వాళ్ల షరతులు రెండు. పది లక్షల డాలర్ల బీమా పత్రం కావాలి, అందులో హాలు యజమాని పేరు కూడా చేర్చి ఉండాలి. క్రిస్మస్ వారంలో బీమా ఏజెంటు ఫోనెత్తడు కాబట్టి 19 లోపల తెప్పించాలి. రెండోది, మంట పనికిరాదు. దీపం, హారతి, కర్పూరం ఏవీ కుదరవు, బ్యాటరీ దీపాలు పెట్టుకుందాం. వంటకాల కింద వేడికి వెలిగించే స్టెర్నో ఇంధనం డబ్బాలకి మాత్రం ఒప్పుకున్నారు.

ఇచ్ఛాపురం – కార్యక్రమం – డిసెంబరు 10

వరుస ఇలా అనుకుంటున్నాను. 10కి టీ. 10:30కి తప్పెటగుళ్లు, 25 నిమిషాలు. 11:15కి ఈ ఏడు పోయినవాళ్ల పేర్లు. 11:30కి కవిటి మాష్టారు తోటల సంగతి చెబుతారు. 12:15కి భోజనాలు.

పేర్లు మొదట చదవాలి, ఆట తర్వాత అని రాజాం అన్నారు. పద్ధతి ప్రకారం అదే సబబు. కానీ మనవాళ్లు 10 అంటే పదకొండింటికి దిగుతారు. పేరు చదివేసరికి ఆ ఇంటివాళ్లే పార్కింగులో ఉంటే అంతకన్నా బాధ లేదు. అందుకే 11:15.

ఒక్కో ఇంటి నుంచి పేరు, ఊరు, అంతే. హోదాలు, బిరుదులు, చుట్టరికాలు వద్దు. పేరుకి ఐదు సెకన్లు పడుతుంది, అరవై పేర్లయినా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కరికి రెండు ముక్కలు చెప్పనిస్తే మిగతావాళ్లూ చెప్పాలి, అప్పుడు అన్నం రెండింటికి. స్లయిడ్ షో కూడా వద్దనే నా మాట. ఫొటోలు ముందురోజు రాత్రి వాట్సాప్‌లో మసకగా వస్తాయి, ఎవరిది ముందు ఎవరిది వెనక అని మనస్పర్థలూ వస్తాయి. పేర్లు 22 రాత్రికల్లా నాకు తెలుగులోనే పంపండి. ఇంగ్లీషు అక్షరాల్లో వస్తే ఇంటిపేరు ఎలా పలకాలో తెలీదు, ఆ ఒక్క పొరపాటు జన్మంతా గుర్తుంటుంది. చదివేవాళ్లు ముందురోజు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి పలికి సరిచూసుకోవాలి.

భోజనాల తర్వాత ఉపన్యాసాలు లేవు. ఒక బల్ల మీద పోస్టుకార్డులు, పెన్నులు. ఈ ఏడు తమకి ఆసరాగా నిలబడ్డ మనిషికి ఒక కార్డు రాసి పెట్టెలో వేస్తే సంఘం పోస్టు చేస్తుంది. ఇండియాకి ఒక గ్లోబల్ స్టాంపు, 2018 ధర డాలరు 15 సెంట్లు. పిన్ కోడ్ లేని కార్డు తిప్పలు పడుతుంది. 2018 నాటి జిల్లాల లెక్కలో శ్రీకాకుళంవి 532తో, విజయనగరంవి ఎక్కువగా 535తో మొదలవుతాయి. చిరునామా ఇంట్లోనే అడిగి రాసుకుని రమ్మని ఆహ్వానంలోనే చెప్పాలి. అక్కడికొచ్చాక ఫోన్ చేద్దామంటే ఊర్లో అర్ధరాత్రి దాటిపోతుంది.

బొబ్బిలి – వంట – డిసెంబరు 11

హోటల్ కేటరింగ్ వద్దన్నారు కాబట్టి ఇళ్లలో వండి తెస్తున్నాం. ఎవరిష్టమొచ్చినంత వాళ్లు వండితే పప్పు ఏరులై పారి కూర చాలదు. ఈ కొలతలే పాటించండి.

తెల్లన్నానికి 14.5 కిలోల బియ్యం, పులిహోరకి 10 కిలోలు. ఇక్కడ దొరికే 20 పౌండ్ల బస్తాలు మూడు తీసుకుంటే సరిపోతుంది. కందిపప్పు 7 కిలోలు, ముద్దపప్పుకి. పులిహోరకి చింతపండు కిలో, నూనె లీటరు, వేరుశనగ గుళ్లు కిలో. పులిహోరలో ఆవ వద్దు, కూరలో ఉంటుంది. ఒకే విస్తట్లో రెండు ఆవలైతే ముక్కులు అదిరిపోతాయి.

దప్పళం 24 లీటర్లు. తీపిగుమ్మడి బదులు బటర్‌నట్ స్క్వాష్ 6 కిలోలు, ఆనపకాయ 3, చిలగడదుంప 2. చింతపండు 700 గ్రాములు, బెల్లం 400. బటర్‌నట్ మన గుమ్మడికన్నా తొందరగా మెత్తబడిపోతుంది, అందుకని చిలగడదుంప సగం ఉడికాకే వెయ్యాలి.

అసలు జాగ్రత్త ఆవ పెట్టిన పనసపొట్టు కూరతోనే. డబ్బా పనసకాయ కొనేటప్పుడు లేతకాయ, ఉప్పునీటిలోది అని చూసి తీసుకోండి. పక్కనే పాకంలో ఊరిన తొనల డబ్బాలుంటాయి, బొమ్మ ఒకలాగే ఉంటుంది. 20 ఔన్సుల డబ్బా వార్చేస్తే 280 గ్రాములే మిగులుతుంది. 12 కిలోలు కావాలి కాబట్టి 43 డబ్బాలు. రెండుసార్లు కడిగి, గుడ్డలో వేసి గట్టిగా పిండి, చేత్తో పొట్టులా నలపాలి. పిండకపోతే ఉప్పగా, పుల్లగా ఉండి కూర ముద్దయిపోతుంది. ఆ ఉప్పు ఎంతో కొంత ఉంటుంది కాబట్టి వండేటప్పుడు ఉప్పు వెయ్యకండి, చివర రుచి చూసి వేద్దాం.

ఆవాలు 250 గ్రాములు, నల్లవి. మిక్సీ వేడెక్కితే పిండి చేదెక్కుతుంది, చల్లటి నీళ్లతో ఆపి ఆపి తిప్పాలి. నూరి పది నిమిషాలు ఉంచితే ఘాటు పుడుతుంది. కూర పొయ్యి దిగి గోరువెచ్చన అయ్యాకే కలపాలి. మరిగే కూరలో వేస్తే ఘాటు ఆవిరైపోయి చేదే మిగులుతుంది. కాబట్టి ముందురాత్రి ఆవ పెట్టడం లేదు. హాల్లో 11:45కి నేనే కలుపుతాను, మిక్సీ పట్టుకొస్తాను.

రాజాం – పిల్లలు, స్వీటు – డిసెంబరు 11

అప్పా, జీడిపప్పు పాకం పలాస నుంచే తెప్పిస్తే బాగుంటుంది కదా? పాకం కుదరక మనం చేస్తే పళ్లకి అంటుకుంటుంది.

బొబ్బిలి – డిసెంబరు 12

కొరియర్ ఖర్చు పప్పు ధరని మింగేస్తుంది తల్లీ. ఆ తేడా డబ్బు తోటలకి పోనీ. ఇక్కడే చేద్దాం. 200 ముక్కలకి పప్పు 3 కిలోలు, బెల్లం రెండుంబావు. గుండు పప్పు వద్దు, బద్దలు తీసుకో. చవక, పాకం కూడా బాగా పడుతుంది. బెల్లం కరిగించి ఒకసారి వడకట్టు, ఇసుక ఉంటుంది.

పాకం పరీక్షకి గిన్నెలో పంపు నీళ్లు పట్టకు. డిసెంబరులో ఇక్కడి కుళాయి నీళ్లు మంచులా ఉంటాయి, లేతపాకం కూడా అందులో గట్టిగా కనిపిస్తుంది. అప్పుడు దింపితే మర్నాటికి జిగురే. గదిలో గంటసేపు ఉంచిన నీళ్లలో చుక్క వేసి, తీసి పళ్లెం మీద కొడితే టంగుమనాలి. స్వీటు బల్ల విడిగా, గరిటెలు విడిగా, జీడిపప్పు ఉందని పెద్ద అక్షరాల్లో బోర్డు. పిల్లల్లో పప్పులు పడనివాళ్లు ఉంటారు.

ఇంకొకటి. ఉద్దానం నుంచి వచ్చిన అమ్మానాన్నల్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉండొచ్చు. వాళ్లకి ఉప్పు లేని ఆనపకాయ కూర ఒక చిన్న ట్రే పెడుతున్నాను. గౌరవం కొద్దీ కొబ్బరినీళ్లు చేతికివ్వకండి. అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ప్రమాదం.

అన్నం ట్రేలు మూతవేసి, తువ్వాళ్లు చుట్టి, ఖాళీ ఐసుపెట్టెలో పెడితే మూడు గంటలు పొగలు కక్కుతూ ఉంటుంది. వడ్డించేదాకా 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు, నా దగ్గర థర్మామీటరు ఉంది. అన్నం ముందురాత్రి వండినది ఎవరైనా తెస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపేస్తాను. ట్రే కింద అట్ట పెట్టి రెండు చేతుల్తో ఎత్తండి, అంచు పట్టుకుంటే నడుం విరుగుతుంది – ట్రేది.

పాలకొండ – సౌండు, వీడియో – డిసెంబరు 13

తప్పెట అంటే గుండె మీద కట్టిన రేకు. రెండు చేతులా వాయిస్తారు, కాళ్లకి గజ్జెలు. జూమ్‌కి ఇదంతా చప్పుడే, మాట తప్ప మిగతాదాన్ని అణిచేస్తుంది. ఊరి ఫోన్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చెయ్యాలి. చెయ్యకపోతే తెర మీద పదిహేను మంది గెంతుతారు, వినిపించేది దగ్గూ ఈలే. ఫోను స్టాండు మీద, దళానికి పదిహేనడుగుల దూరంలో, వెనక గోడ ఉన్నచోట పెట్టాలి. దగ్గరగా పెడితే రేకు మోత పగిలిపోతుంది.

హాల్లో లాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి వైరు వేస్తే ‘గుయ్’మని శబ్దం వస్తుంది, చార్జర్ వల్ల. ఆ శబ్దాన్ని ఆపే ఐసొలేటర్ తెస్తున్నాను. అది పనిచెయ్యకపోతే చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపుతాను. వాళ్లు ఆడుతున్నంతసేపూ మన మైకులన్నీ ఆపేయాలి. మన చప్పట్లు రెండు సెకన్లు ఆలస్యంగా వాళ్లకి చేరితే తాళం తప్పిపోతుంది.

22న ఊర్లోనే మంచి కెమెరాతో ఒకసారి రికార్డు చేయించి పెట్టుకుందాం. ఆ రోజు నెట్ పోతే అదే వేస్తాం. పారితోషికం ఆటకి ముందే వాళ్ల గురువుగారి ఖాతాలో పడాలి. రికార్డింగుకి వేరే, 29కి వేరే. రెండు రాత్రులు పని చేయించుకుని ఒక రాత్రికి ఇవ్వడం బాగోదు.

కవిటి – ఊరి నుంచి – డిసెంబరు 14

కొబ్బరి మొక్కలు కొనిస్తామని అక్కడ చాలామంది ఉత్సాహంగా ఉన్నారని తెలిసింది. మంచిదే, కానీ ఇప్పుడు వద్దు. నాటేది జూన్, జూలైలో, వానలు పడ్డాక. జనవరిలో మొక్కలు దింపితే ఎండలకి తడి పెట్టేవాడు లేక సగం పోతాయి.

ఈ మూడు నెలలూ డబ్బు కావాల్సింది పడిపోయిన మాన్లు తీయించడానికి. కుళ్లుతున్న కొబ్బరి మాను కొమ్ము పురుగుకి పుట్టిల్లు. అందులో గుడ్లు పెట్టి, పిల్ల పురుగులు అక్కడే పెరిగి, వానాకాలానికి పెద్దవై వచ్చి నిలబడ్డ చెట్ల మొవ్వులోకీ కొత్త మొక్కల్లోకీ తొలుస్తాయి. మాన్లు తియ్యకుండా మొక్కలు నాటితే పురుగుకి మేత వేసినట్టే. రంపం, ట్రాక్టరు, కూలి: ఈ మూడింటికీ ఇవ్వండి. కొత్త మొక్కలకి మొవ్వు పక్క మట్టల సందుల్లో నాఫ్తలీన్ ఉండలు మూడు నాలుగు పెట్టి ఇసుక కప్పాలి, 45 రోజులకోసారి మార్చాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి.

వంగినా వేరు పట్టున్న చెట్టుని కొట్టొద్దని చెబుతున్నాం. మొవ్వు విరిగిందానికి ఆశ లేదు, కొబ్బరికి చిగురు వేసేది ఆ ఒక్కచోటే. మొవ్వు కుళ్లు కనబడితే కుళ్లినది గీకేసి 10 శాతం బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పుయ్యాలి.

జూన్‌లో నాటేటప్పుడు చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు, ఎకరాకు 70 దాకా పడతాయి. దేశవాళీ రకం కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. అందుకని మొదటి ఏడే రైతు చేతిలో ఏదో ఒకటి పడేలా మధ్యలో అరటి వేయించాలి. ఈ సంగతి 29న ఐదు నిమిషాల్లో చెబుతాను, అంతకు మించి మైకు నాకివ్వకండి.

పార్వతీపురం – లెక్కలు – డిసెంబరు 15

మాష్టారూ, డబ్బు పంపే దారి గురించి. మనది అమెరికాలో నమోదైన సంఘం. ఈ ఖాతా నుంచి మీ ఊరి యువజన సంఘానికి నేరుగా పంపితే అది విదేశీ విరాళం. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (ఇండియా విదేశీ విరాళాల చట్టం) నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. లేకపోతే ఇరుక్కునేది మనం కాదు, అక్కడివాళ్లు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు తమ బ్యాంకు నుంచి పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది మాత్రం వస్తుంది, పుట్టింది సోంపేటలోనే అయినా సరే.

కాబట్టి రెండు పెట్టెలు. సంఘం పెట్టెలో పడ్డది ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థకే వెళ్తుంది, పన్ను రసీదు ఇస్తాం. రెండోది పెట్టె కాదు, ఒక కాగితం. నేరుగా పంపదలచినవాళ్లకి వివరాలు అందులో ఉంటాయి, ఆ డబ్బు సంఘం చేతిలోకి రాదు, రసీదూ రాదు. రెండూ కలిపితే మొత్తం విదేశీ విరాళమైపోతుంది. రాఫుల్ (లక్కీ డిప్) పెడదామని మళ్లీ ఎవరో అన్నారు. న్యూజెర్సీలో దానికి రాష్ట్ర కమిషన్ దగ్గర నమోదు, పైన మున్సిపాలిటీ లైసెన్సు కావాలి. ఇప్పుడు అయ్యే పని కాదు.

టెక్కలి – డిసెంబరు 16

సరే. మాన్ల తొలగింపుకి ముందు, మొక్కలకి జూన్‌లో అని రెండు భాగాలుగా ఖాయం చేస్తున్నాను. అభ్యంతరం ఉంటే రేపు రాత్రిలోగా చెప్పండి.

మంచు పడేటట్టుంటే 28 శుక్రవారం సాయంత్రం 6కి నిర్ణయం. వాయిదా పడితే 30 ఆదివారం అదే వేళకి, హాలు ఆ రోజు కూడా పట్టి ఉంచారు. ఆరింటి లోపల ఎవరూ పనసపొట్టు డబ్బాలు తెరవకండి, పప్పు నానబెట్టకండి. పాలకొండ తమ్ముడూ, దళానికి ఆ కబురు మన శుక్రవారం ఉదయమే చూచాయగా చెప్పాలి, మన సాయంత్రం ఆరంటే వాళ్లు నిద్రలో ఉంటారు.

ఇంకా మనుషులు దొరకనివి: 8:30కి బల్లలు వెయ్యడానికి ఆరుగురు, 2:30 నుంచి చెత్త ఎత్తడానికి నలుగురు, పార్కింగులో ఇద్దరు. చెత్త సంచులు 55 గాలన్లవి తెండి, ఇంట్లో వాడేవి దప్పళానికి ఆగవు. పేరు కింద రాసినవాళ్లే వస్తారని లెక్క, మనసులో అనుకున్నవాళ్లు లెక్కలోకి రారు.

రాజాం – డిసెంబరు 16

బల్లలకి మా ఇంటి నుంచి ముగ్గురు. చెత్తకి నేను.