చిన్నపిల్లల్ని గుర్రప్పందేలకు తీసుకెళ్లొచ్చా? (మెల్‌బోర్న్, ఫ్లెమింగ్టన్)

కొత్తకాపురం: నవంబర్‌లో అత్తామామలు వస్తున్నారు. మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేల వారంలో చివరి శనివారం అందరం ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సుకు వెళ్దామని మా ఆయన పట్టు. మామగారేమో ఫోన్‌లోనే "చిన్నపిల్లల్ని పందేలకా?" అన్నారు. మీరేమంటారు?

టోపీ సుందరి: హాయిగా వెళ్లండి. మంగళవారం, అంటే కప్ రోజు మాత్రం వద్దు. ఆ తాగుడు, తోపులాట పిల్లలు తట్టుకోలేరు. ఆ చివరి శనివారం ఎప్పటినుంచో ఫ్యామిలీలు వచ్చే రోజు. ఆ గులాబీ తోటలు చూస్తే మీ అత్తగారు అక్కడినుంచి కదలరు. రేసుకు ముందు గుర్రాల్ని మౌంటింగ్ యార్డ్‌లో చుట్టూ నడిపిస్తారు. కంచె దగ్గర నిలబడితే మెడమీద ఉబ్బిన నరాలు, జీను అంచున చెమట నురగ కూడా కనిపిస్తాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఇక పందెం అంటారా, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు కాయడానికి చట్టమే ఒప్పుకోదు.

మలక్‌పేట వాసి: పందెం సంగతి పక్కన పెట్టండి, మా పేటలో అది చూస్తూనే పెరిగాం. నా బాధ గుర్రం గురించి. 2014 కప్‌లో గెలుస్తుందని అందరూ అనుకున్న గుర్రం అడ్మైర్ రక్తి చిట్టచివర వచ్చి, కాసేపటికే తన స్టాల్‌లో కుప్పకూలి చనిపోయింది. అదే రేసులో పరిగెత్తిన అరాల్డో తిరిగి వస్తుంటే, జనంలో ఎవరో ఊపిన జెండాకు బెదిరి కంచెను తన్నింది. కాలు విరిగింది. చంపెయ్యక తప్పలేదు. మళ్లీ 2020లో ఆంథనీ వాన్ డైక్ అనే గుర్రానికీ అదే గతి. ట్రాక్ మీద గుర్రం పడితే చుట్టూ తెర కడతారు. ఆ తెర వెనక ఏం జరుగుతోందని పిల్లాడు అడిగితే ఏం చెప్తారు?

టోపీ సుందరి: 2020 తర్వాత రూల్స్ బిగించారండీ. కప్‌కి వచ్చే విదేశీ గుర్రాల కాళ్లకు స్కానింగ్ తప్పనిసరి. అయినా సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని చూపించేది మనవాళ్లు కాదా?

మలక్‌పేట వాసి: అదీ తప్పే, నేను ఒప్పని ఎక్కడన్నాను? కొరడా సంగతే చూడండి. చివరి వంద మీటర్ల దాకా ఐదు దెబ్బలకు మించకూడదట. ఆ తర్వాత లెక్కే లేదు. ఆ చివరి వంద మీటర్లకే కదా జనం లేచి నిలబడి అరిచేది!

కొత్తకాపురం: ఇదంతా మామగారికి చదివి వినిపించాను. "పిల్లల్ని మీ అత్తయ్య పార్కుకి తీసుకెళ్తుందిలే, మేం ఇద్దరం పందేలకి వెళ్తాం" అన్నారు.