“నీకెలా తెలుసమ్మా?” అని ఏడేళ్ల పిల్లవాడు అడిగితే

గుంతకల్లు అమ్మ:

మా వాడికి ఏడేళ్లు, రెండో తరగతి. పోయిన ఆదివారం వజ్రకరూరు దగ్గర మా పుట్టింటికి వెళ్లాం. ముందురోజే వాన పడింది. తొలకరి పడితే అక్కడ చేలనిండా వజ్రాలు వెతికేవాళ్లే. మా అన్న పిల్లలతో కలిసి వీడూ వెళ్లి గోళీకాయంత తెల్లరాయి తెచ్చుకున్నాడు. గాజును గీస్తే అది వజ్రమేనని వాళ్ల పెద్ద బావ చెప్పాడట. అద్దం మీద గీశాడు. గీత పడింది. ఇక వజ్రమేనని ఇల్లంతా తిరిగి చెప్పాడు.

“వజ్రమూ కాదు, ఏమీ కాదు, బయట పారెయ్” అన్నాను. “నీకెలా తెలుసమ్మా?” అన్నాడు. పొగరుగా అనలేదు, తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులుగా ఆ మాట నన్ను తొలుస్తోంది. బడిలో చెప్పినవన్నీ అప్పజెబుతాడు, మార్కులూ వస్తాయి. ఎందుకలా అని అడిగితే మాత్రం “టీచరు చెప్పారు” అంటాడు. అలాంటివాడు మొదటిసారి ఒక మంచి ప్రశ్న వేస్తే నోరు మూయించింది నేనే. ఇలా అడగనిస్తే రేపు పెద్దల మాట వినడని మా అత్తగారి భయం. సొంతంగా ఆలోచించడం ఈ వయసులో ఎలా అలవాటు చేయాలి?

ఆదోని నాన్న:

ముందు చదవడం, ఎక్కాలు గట్టిగా రానివ్వండి. ఏమీ తెలియని బుర్ర దేనితో ఆలోచిస్తుంది? ప్రశ్నలు తర్వాత వాటంతట అవే వస్తాయి.

పత్తికొండ అయ్యవారు:

అమ్మా, ఆ రాయి పారేయలేదు కదా? పారేయకండి.

నేను పత్తికొండ, తుగ్గలి చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు పనిచేశాను. తొలకరి పడిన వారం సగం తరగతి ఖాళీ. జొన్నగిరి చేలకు తల్లిదండ్రులతో పాటు పిల్లలూ వెళ్లేవారు. తిరిగొచ్చేటప్పుడు జేబులనిండా రాళ్లు. మొదట్లో నేనూ మీలాగే పారేయమనేవాణ్ణి. ఒక ఏడాది మాత్రం ఆ రాళ్లనే పాఠం చేశాను. ఎలాగో చెబుతాను, మీరూ చేయవచ్చు.

ఒక మందపాటి గాజు సీసా తీసుకోండి, మీరే పట్టుకోండి. ఒక సుద్దముక్క, రోడ్డు పక్కన దొరికే మామూలు పలుగురాయి, మీ వాడి రాయి పెట్టుకోండి. గీసే ముందే ఏది గీస్తుందో, ఏది గీయదో వాడినే చెప్పమనండి. ఇది మరచిపోవద్దు. ముందే చెప్పిన మాట తప్పినప్పుడే బుర్ర కదులుతుంది. గీశాక తడిగుడ్డతో తుడవమనండి. సుద్ద గీత పోతుంది, ఎందుకంటే అది గాజుకు పడిన గీత కాదు, గాజు మీద అంటిన పొడి. పలుగురాయి గీత మాత్రం పోదు.

ఆ రోజు నా తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పలుగురాయి కూడా గీసింది! రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా ఉన్న కొలతలో చెబుతారు. ఎక్కువ అంకె ఉన్నది తక్కువ అంకె ఉన్నదాన్ని గీస్తుంది. గాజు సుమారు 5.5, పలుగురాయి 7, కురువిందం (కెంపు ఈ జాతి రాయే) 9, వజ్రం 10. పలుగురాయి వీధివీధినా ఉంటుంది కాబట్టి, గాజును గీసిన ప్రతిదీ వజ్రమైతే మన జిల్లాల్లో పేదవాళ్లే ఉండకూడదు. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: “సార్, గీయకపోతే కాదు. గీస్తే ఏమో.” ఆ “ఏమో” అనడం రావడమే చదువు. పెద్దలకే రాదు చాలామందికి.

మీ వాడు మరి వజ్రకరూరులోనే ఎందుకు వెతుకుతారని అడిగితే, అదీ చెప్పండి. అక్కడి నేలలో కింబర్లైట్ అనే రాయి ఉంది. కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి అది పైకి ఎగదన్నుకు వచ్చింది, వస్తూ వజ్రాలను మోసుకొచ్చింది. వాన మట్టిని కడిగేస్తే రాళ్లు బయటపడతాయి. అంటే మీ వాడు వెతకడం తప్పు కాదు, తేల్చుకున్న పద్ధతే చాలలేదు. ఈ తేడా వాడికి తప్పక చెప్పండి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

ఆదోని వారి మాటలో నిజముంది. ఎక్కాలు రానివాడు అంగట్లో లెక్క తప్పితే పట్టుకోలేడు. అయితే ఎక్కాలు వచ్చేదాకా ప్రశ్నలు ఆపమంటే నేను ఒప్పుకోను. ఆగిన ప్రశ్న మళ్లీ రాదు.

కడప అమ్మ:

అత్తగారి గురించి ఒక మాట. మా ఇంట్లోనూ ఇదే భయం ఉండేది. చీమలు బారులు తీరితే వాన వస్తుందని వాళ్ల అవ్వ అంటే, మా ఐదేళ్ల పాప “నిజమా?” అంది. నేను అడ్డుపడకుండా క్యాలెండరు చేతికిచ్చాను. చీమల బారు కనిపించిన రోజున చుక్క, వాన పడిన రోజున గీత. రెండు నెలల్లో తొమ్మిది చుక్కలు, వాటిలో రెండింటికే మరునాటికి వాన. అవ్వ చూసి, “ఊరికే పోయే చీమలు కాదే, గుడ్లు మోసుకుపోయే చీమలు” అన్నారు. పాపకు అది తప్పించుకోవడంలా అనిపించలేదు. ఇప్పుడు వంగి, చీమల నోట్లో ఏముందో చూసి మరీ చుక్క పెడుతోంది. అవ్వే పిలిచి చూపిస్తున్నారు. “అది తప్పు అవ్వా” అనకుండా “నువ్వెప్పుడు చూశావు అవ్వా?” అని అడగడం నేర్పాను, అంతే.

గుంతకల్లు అమ్మ:

అయ్యవారూ, రాయి వాడి పెన్సిలు డబ్బాలోనే ఉంది. నిన్న సాయంత్రం సీసా మీద గీశాం. పలుగురాయి గీయదని పందెం కాశాడు. గీసింది. మూడుసార్లు తుడిచాడు, గీత పోలేదు. కాసేపు మౌనంగా ఉండి, “మరి నాది పలుగురాయేనా?” అన్నాడు. “నాకు తెలియదురా, ఎలా తేలుద్దాం?” అన్నాను. ఆ మాట వాడితో అనడం నాకు ఇదే మొదటిసారి. రెండు రాళ్లూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాడు, తర్వాత ఒకదానితో ఇంకోదాన్ని గీయాలన్నాడు. వజ్రమైతే పలుగురాయి మీద గీత పడాలట! అది నేను చెప్పింది కాదు. రాత్రి వాళ్ల బావకు ఫోను చేయించుకుని, “బావా, నీకెవరు చెప్పారు?” అని అడిగాడు.

గీత సరిగా పడిందో లేదో ఇద్దరికీ తేలలేదు. భూతద్దం కావాలంటున్నాడు. రేపు బజారుకు తీసుకెళ్తున్నాను.