ఎన్‌ఫీల్డ్ తూటాకు ఆ కాగితం తప్పనిసరా?

పాతతుపాకీ:
1857 సిపాయిల తిరుగుబాటు గురించి మాట్లాడితే అందరూ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలకు పూశారన్న ఆవు కొవ్వు, పంది కొవ్వు దగ్గరే ఆగిపోతారు. నా ప్రశ్న కాగితం గురించి. అప్పటి తూటా అంటే మందు, గుండు కలిపి చుట్టిన కాగితపు పొట్లం. తూటా కాగితం ఊడదీసి పారేసి, ఉత్త గుండు గొట్టంలో వేసుకోండి అని ఒక్క ఆర్డర్ ఇస్తే సిపాయిలకు ఆ కొవ్వుతో పనే ఉండేది కాదు. అమెరికా సైన్యం 1855 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌తో చేసింది అదే. మందు పోసి, కాగితం తీసేసి, గుండు ఒక్కటే దించేవారు. ఇంగ్లీషువాళ్లది మొండితనం తప్ప ఇంకేమీ కాదు.

సీసంగుండు:
ఆ రెండు గుండ్లూ ఒకటి కావు సార్. అమెరికా గుండు చుట్టూ గాళ్లు ఉంటాయి, కొవ్వు వాటిలో నిలుస్తుంది. ఎన్‌ఫీల్డ్‌కు వాడిన ప్రిచెట్ గుండు నున్నగా ఉంటుంది, ఒక్క గాడీ లేదు. దాని వ్యాసం 0.568 అంగుళం, గొట్టం 0.577. ఆ సందు నింపేది కాగితమే.

లోడ్ చేసే పద్ధతి చూడండి. తూటా పైకొస కొరికి, మందు గొట్టంలో పోయాలి. తూటాను తిరగేసి, గుండు ఉన్న కొసను మూతిలో పెట్టి, పైన మిగిలిన ఖాళీ కాగితాన్ని తెంపేసి, కడ్డీతో దించాలి. అంటే కొవ్వు పూసిన కాగితం గుండును చుట్టుకునే లోపలికి పోతుంది. మందు పేలగానే గుండు వెనక ఉన్న బోలు ఉబ్బి, సీసం కాగితంతో సహా గొట్టం లోపలి మెలి గాళ్లలోకి నొక్కుకుంటుంది. మూతి దాటాక కాగితం ముక్కలై రాలిపోతుంది. ఆ కాగితం లేకపోతే గుండు వదులు, తుపాకీ కిందికి వంచితే జారిపోతుంది. మందు కాలిన మసిని మెత్తబరిచే కొవ్వూ ఉండదు. కాసేపు కాల్చాక తర్వాతి గుండు దించడమే కష్టం. మీరు పారేయమంటున్నది ప్యాకింగ్ కాదు, గుండులో సగం.

పాతతుపాకీ:
సరే, అలాంటప్పుడు గాళ్లున్న గుండ్లే డమ్‌డమ్‌లో (కలకత్తా దగ్గరి ఆయుధాల కేంద్రం) పోయించాల్సింది. మైనం పూస్తే చాలు. అది చేయకపోవడం వాళ్ల తప్పే కదా?

బరక్‌పూర్_పాఠకుడు:
చేసినా ఆగేది కాదని నా నమ్మకం. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఈ కొవ్వు పుకారు బయటపడ్డాక, సిపాయిలే తేనెమైనం, నూనె తెచ్చుకుని పూసుకోవచ్చన్నారు. తర్వాత కొరకొద్దు, చేత్తో చించండి అని డ్రిల్లే మార్చారు. అప్పటికే అనుమానం కొవ్వు నుంచి కాగితం మీదికి పోయింది. కలకత్తా దగ్గరి బరక్‌పూర్‌లో సైన్యం జరిపిన విచారణలో సిపాయిలు చెప్పింది చదవండి: కాగితం నిగనిగలాడుతోంది, కాలిస్తే చిటపటమంటోంది, ఇందులోనే కొవ్వు కలిపారు అన్నారు.

ఫిబ్రవరి 26న బరంపురంలో (బెంగాల్‌లోది, మన సరిహద్దు దగ్గరి బరంపురం కాదు) 19వ పటాలం వద్దన్నవి పాత మస్కెట్ తూటాలే. ఏప్రిల్ 24న మీరట్ పరేడ్‌లో 85 మంది గుర్రపు సిపాయిలు ముట్టుకోనన్నవీ కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు. గాళ్ల గుండు ఇచ్చినా, దాన్నీ ఏదో ఒక కాగితంలోనే చుట్టి ఇవ్వాలి కదా! వెల్లూరులో 1806 సిపాయిల తిరుగుబాటులో కొత్త తలపాగా, తోలు తురాయి దగ్గర జరిగిందీ ఇదే. మతం చెడగొడతారన్న భయం ముందే ఉంది, చేతికి ఏది ఇస్తే దాని మీదికి ఎక్కింది.

సీసంగుండు:
ఇది ఒప్పుకుంటాను. కానీ కొవ్వు విషయంలో అధికారులను వదలకూడదు. ఏ జంతువు కొవ్వో చూసుకోకుండా కాంట్రాక్టర్‌కు అప్పజెప్పడం క్షమించలేని నిర్లక్ష్యం. నా అభ్యంతరం కాగితాన్ని దోషి చేయడం మీదే. 1871లో వచ్చిన మార్టినీ-హెన్రీ రైఫిల్‌లో 480 గ్రెయిన్ల గుండుకూ కాగితం చుట్టారు. అది ఇత్తడి తూటాలో ఇమిడి ఉండేది, సిపాయి దాన్ని చించే పని లేదు, నోట పెట్టే పని లేదు.

పాతతుపాకీ:
అయితే నాది ఇంకో ప్రశ్న ఉంది. అంత అనుమానం ఉందని ఫిబ్రవరిలోనే తెలిసినప్పుడు, ఏప్రిల్‌లో మీరట్ పరేడ్ ఎందుకు పెట్టించారు? ఆ పరేడ్ వాయిదా వేయడానికి ఏ గుండూ, ఏ కాగితమూ అడ్డం లేదు.