కాలేయ సిరలో స్టెంట్: తమ్ముడి పొట్ట మళ్లీ ఉబ్బుతోంది

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా తమ్ముడికి బడ్-కియారి అనే కాలేయ జబ్బు. కాలేయం నుంచి రక్తం బయటికి పోయే సిర పూడుకుపోతే ఎనిమిది నెలల కింద స్టెంట్ (సిరను తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. పొట్టలో నీరు తగ్గి మనిషి తేరుకున్నాడు. పది రోజులుగా లుంగీ ముడి దగ్గర ఎర్రగా ఒత్తుకున్న గీత పడుతోంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్షలో 1.4 వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు అయిపోయి నాలుగు రోజులు వేసుకోలేదట, నాకు చెప్పనే లేదు. స్టెంట్ మూసుకుపోయిందంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు (చెన్నై):
అక్కా, ఆగకండి, రేపే డాక్టర్‌ని కలిసి డాప్లర్ (సిరలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించండి. స్టెంట్‌లో గడ్డ కట్టవచ్చు, లేదా లోపల కండ పెరిగి దారి సన్నబడవచ్చు. త్వరగా పట్టుకుంటే చాలామందికి లోపల చిన్న బెలూన్ ఉబ్బించి తెరవగలరు. మా ఆవిడకు అలాగే తెరిచారు. అరుదుగా స్టెంట్ గుండె వైపు జారుతుంది. ఆయాసం, దడ, రక్తపు వాంతి ఉంటే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకే వెళ్లండి.

జవాబు (వైట్‌ఫీల్డ్):
తప్పిన మాత్రలకు బదులు రెండేసి వేయకండమ్మా, రక్తస్రావం అవుతుంది. ఐఎన్‌ఆర్ మామూలుగా 2–3 మధ్య ఉంచుతారు. ఆకుకూరలు ఈ మాత్రల పనిని తగ్గిస్తాయి గానీ గోంగూర, తోటకూర పూర్తిగా మానక్కర్లేదు, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టండి. డాక్టర్‌ని అడగకుండా నొప్పి మాత్రలు మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినామె:
డాప్లర్ అయింది. గడ్డే. రేపు ఉదయం బెలూన్ పెడతారు. వాడు నా చెయ్యి పట్టుకుని, 'అక్కా, డబ్బులు అడగలేక మాత్రలు కొనలేదు' అన్నాడు. ఇకపై మాత్రల డబ్బా నా దగ్గరే ఉంటుంది.