రక్తదాతల నోటుపుస్తకం వదిలి వెళ్లిన మిత్రుడు: ఏడాది తిరిగేసరికి ఏం చేస్తే బాగుంటుంది?

కాలవగట్టు:
మా మిత్రుడు పోయి డిసెంబరుకి ఏడాది. హైస్కూల్లో లెక్కల మాస్టారు. బడి అయ్యాక ఆయనకు ఒకటే పని: తెనాలి, గుంటూరు ఆసుపత్రుల్లో ఎవరికి రక్తం కావాలన్నా దాతను వెతికి పంపడం. దానికో రూళ్ల నోటుపుస్తకం. ఒక్కో గ్రూపుకి కొన్ని పేజీలు. పేరు, ఊరు, ఫోను, ఆఖరున ఇచ్చిన తేదీ. తేదీ మాత్రం పెన్సిలుతో. మళ్లీ ఇచ్చినప్పుడల్లా చెరిపి కొత్తది రాసేవాడు. ఓ నెగెటివ్ పేజీలో చెరిపి చెరిపి కాగితం పలచబడిపోయింది. ఆ పుస్తకం వాళ్లావిడ మా పదిమంది చేతిలో పెట్టారు. సంవత్సరీకం రోజున వందమందితో పెద్ద రక్తదాన శిబిరం, ఒక స్మృతి సంచిక అనుకుంటున్నాం. తెలిసినవాళ్లు చెప్పండి, ఎక్కడ తేడా కొడుతుంది?

ఎర్రసంచి:
వందమంది ఒక్కరోజే వద్దండి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒకేసారి వంద సంచులొస్తే కొన్ని గడువు దాటి పారెయ్యాల్సి వస్తుంది. పైగా ఆ వందమందీ కనీసం మూడు నెలలదాకా మళ్లీ ఇవ్వలేరు. తలసేమియా పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి. అందుకని డిసెంబరులో 30 మంది, మార్చిలో 30, మేలో 40 పెట్టుకోండి. కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలోనే రక్తానికి కటకట. నన్నడిగితే మే శిబిరమే అన్నిటికన్నా ముఖ్యం.

శిబిరం లైసెన్సున్న రక్తనిధే (బ్లడ్ బ్యాంకే) చేయాలి. నెల ముందే మాట్లాడి, రక్తాన్ని భాగాలుగా విడదీసే సదుపాయం ఉందా, ఆ రోజు ఎన్ని సంచులు తీసుకోగలరు అని అడగండి. ప్లేట్‌లెట్లు రావాలంటే సేకరించిన 6 గంటల్లోపు విడదీయాలి. ఊరు దూరమైతే మధ్యలో ఒకసారి బండిలో పంపే ఏర్పాటు ఉండాలి.

దాతకు 18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. 45 కిలోలవాళ్ల దగ్గర 350 మి.లీ. తీస్తారు, 55 దాటితే 450 కూడా తీయొచ్చు. మగవాళ్లకు 3 నెలలు, ఆడవాళ్లకు 4 నెలలు ఎడం. కొందరు హిమోగ్లోబిన్ పరీక్ష దగ్గరే ఆగిపోతారు కాబట్టి 30 సంచులకి 40 మందిని పిలవండి.

తేడా కొట్టేది ఖాళీ కడుపుతోనే. సంస్మరణ కదా అని ముందు ఉపన్యాసాలు పెడతారు. సూది పెట్టేసరికి పదకొండున్నర, పొద్దున తిన్న ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. సభను రక్తదానం అయ్యాక పెట్టుకోండి. టిఫిను పెట్టి, రెండు గ్లాసుల నీళ్లు తాగించాకే మంచం ఎక్కించండి. అయ్యాక పదిహేను నిమిషాలు కదలనివ్వద్దు. లేచి బండి దగ్గరికి నడిచేటప్పుడే పడిపోయే ప్రమాదం. కళ్లు తిరిగితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి.

సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది, ఆ రోజు ఇంట్లోవాళ్లు కార్యంలో ఉంటారు. దగ్గర్లోని ఆదివారం పెట్టుకుంటే వాళ్లూ రాగలుగుతారు.

అచ్చుపని:
సంచికకి డెమీ 1/8 సైజులో 96 పేజీలు చాలు. ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి) 16 పేజీలు, అంటే ఆరు ఫారాలు. 98 అయిందంటే ఆ రెండు పేజీల కోసం ఖర్చు పెరుగుతుంది. వాట్సాప్‌లో వచ్చే వ్యాసాలు యూనికోడ్‌లో ఉంటాయి, చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. మార్చేటప్పుడు ఒత్తులు, వట్రుసుడులు చెడతాయి. అందుకే ప్రూఫు మార్చాకే చూడాలి. ఫొటోలు డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే అచ్చులో మసకబారతాయి. పాతవి 300 డీపీఐలో స్కాన్ చేయించండి.

వ్యాసాలు రాయమంటే అందరూ "మానవతామూర్తి" అనే రాస్తారు. అలా వదిలేయకుండా తలా ఒక ప్రశ్న ఇవ్వండి: "మాస్టారు రక్తం కోసం మీకు ఫోన్ చేసిన ఒక రాత్రి గురించి రాయండి. ఎన్నింటికి చేశారు, ఏమన్నారు?" పేజీన్నర మించొద్దు. రాయడం రానివాళ్లు చెబుతుంటే రికార్డు చేసి రాసుకోండి. రోగుల పేర్లు, జబ్బులు వాళ్లు ఒప్పుకుంటేనే వేయాలి. ఆ పలచబడ్డ పేజీ ఫొటో తప్పకుండా వేయండి, పేర్లూ నంబర్లూ కనపడకుండా మూసి.

కాలవగట్టు:
మూడు శిబిరాలకి అందరం ఒప్పుకున్నామండీ. ఓ నెగెటివ్‌లో ఏడుగురే ఉన్నారు. వాళ్లనీ డిసెంబరుకి పిలవమా?

ఎర్రసంచి:
పిలవొద్దు. ఆ రోజు ఇచ్చేస్తే, జనవరిలో ఎవరికైనా కాన్పు కష్టమైనప్పుడు ఏడుగురిలో ఒక్కరూ మిగలరు. వాళ్లు పిలుపు మీదే రావాలి.

ముందు పుస్తకంలో ఉన్న అందరికీ ఫోన్ చేసి "మాస్టారి పుస్తకం ఇప్పుడు మేం చూస్తున్నాం, మీ పేరు ఉంచమంటారా?" అని అడగండి. 65 దాటినవాళ్లను తీసేయాలి. నంబర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, దళారుల చేతికి పోతాయి. వారానికి ఇద్దరు చొప్పున మీలోనే వంతులు వేసుకోండి. ఫోన్ రాగానే రోగి పేరు, ఆసుపత్రి, గ్రూపు, ఎన్ని సంచులు, ఎప్పటికి అన్నది రాసుకుని, రక్తనిధిలో ఖరారు చేసుకున్నాకే దాతను కదిలించండి. తేదీ మాత్రం అదే రోజు దిద్దండి. రేపు రాద్దామనుకుంటే మరిచిపోయి, నెలన్నరకే మళ్లీ అతన్నే పిలుస్తారు.