టెక్సాస్ రియల్ ఎస్టేట్ లైసెన్స్ పరీక్ష: బిట్లు చేస్తే చాలా, ఫారాలు చదవాలా?

ఫ్రిస్కో_కొత్త

అందరికీ నమస్తే. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ జీవిత భాగస్వామికిచ్చే వర్క్ పర్మిట్) మీద ఉన్నాను. టెక్సాస్ సేల్స్ ఏజెంట్ లైసెన్స్ కోసం కావలసిన 180 గంటల కోర్సులు ఆన్‌లైన్‌లో అయిపోయాయి. ఆరు కోర్సులు, ఒక్కోటి 30 గంటలు. గంటలైతే నిండాయి గానీ బుర్రకెక్కింది ఎంతో తెలీదు. ట్రెక్ (లైసెన్స్ ఇచ్చే టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్) వాళ్ళు అప్లికేషన్ ఓకే చేశారు, ఇక పరీక్ష పెట్టే పియర్సన్ వ్యూ సెంటర్లో స్లాట్ తీసుకోవడమే మిగిలింది.

మా వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట: "పుస్తకం ముట్టుకోకు, బిట్లు చెయ్యి, గట్టెక్కేస్తావు." పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ ఒక పీడీఎఫ్ కూడా తిరుగుతోంది. మా వారి స్నేహితుడొకాయన బ్రోకర్. ఆయనేమో "కాంట్రాక్ట్ ఫారాలు చదవకుండా పరీక్షకి వెళ్ళకండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

బిట్‌బ్యాంక్_భాయ్

గ్రూపు మాటే వినండి. నేషనల్ పార్ట్ 85 ప్రశ్నలు, స్టేట్ పార్ట్ 40. రెండిట్లో 70 శాతం వస్తే పాస్. ర్యాంకు లేదు, ఎక్కువ మార్కులొస్తే ఎవరూ దండ వెయ్యరు. పాసైతే స్కోరు కూడా చెప్పరు. మనం ఎంసెట్ దగ్గర్నుంచి క్లౌడ్ సర్టిఫికేషన్ల దాకా ఇలా బిట్లు చేసే కదా వచ్చాం. రోజుకి వంద చెయ్యండి, తప్పయినవి మళ్ళీ చెయ్యండి, వరసగా మూడు మాక్ టెస్టుల్లో 80 దాటితే స్లాట్ బుక్ చేసుకోండి. 180 గంటలన్నది స్టేట్ పెట్టిన రూలు. అది కట్టాల్సిన టోల్, అంతే.

ఇర్వింగ్_బాబాయ్

అమ్మా, మీ వారి స్నేహితుడు చెప్పిందే సబబు. ఎందుకో చెప్తాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఆఫీసుకి ప్రతి ఏడాదీ కొత్తగా లైసెన్స్ వచ్చిన మన పిల్లలు వస్తారు. అందరూ పాసైనవాళ్ళే. వాళ్ళకి నేను మొదటి రోజు ఒక లెక్క ఇస్తాను. పాత ఇళ్ళ అమ్మకానికి ట్రెక్ ఇచ్చిన 20వ నంబరు ఫారం తెలుసుగా, ఒకటి నుంచి నాలుగు కుటుంబాల ఇళ్ళకి వాడేది. గురువారం ఎఫెక్టివ్ డేట్, అంటే కాంట్రాక్టు అమల్లోకి వచ్చే రోజు. ఆప్షన్ పీరియడ్ (కొనేవాడు కారణం చెప్పకుండా తప్పుకోగల గడువు) 3 రోజులు. ఎర్నెస్ట్ మనీ (బయానా), ఆప్షన్ ఫీ (తప్పుకునే హక్కు కోసం కట్టేది) రెండూ 3 రోజుల్లో టైటిల్ కంపెనీకి (డీల్ డబ్బు తన దగ్గర ఉంచుకునే సంస్థ) చేరాలి. ఏది ఎప్పటికి?

గురువారం లెక్కలోకి రాదు. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. డబ్బు కట్టాల్సిన ఆఖరి రోజు వారాంతంలో పడింది కాబట్టి ఆ గడువు సోమవారానికి జరుగుతుంది. ఫారంలోనే రాసుంది. ఆప్షన్ పీరియడ్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆదివారం సాయంత్రం 5 గంటలకి ముగిసిపోతుంది. కొనేవాడు ఏ కారణమూ చెప్పకుండా బయటపడే హక్కు అక్కడితో సరి. ఆప్షన్ ఫీ గడువులోగా చేరకపోతే అసలా హక్కే పుట్టదు.

పాసై వచ్చినవాళ్ళలో సగం మంది "రెండూ సోమవారమే అంకుల్" అంటారు. నిజంగా డీల్ నడుస్తుంటే? శనివారం ఇన్‌స్పెక్షన్‌లో ఫౌండేషన్ పగుళ్ళు బయటపడతాయి (డాలస్ బంకమట్టి నేల సంగతి తెలిసిందే కదా). కొనేవాళ్ళు ఆదివారమంతా ఆలోచించుకుని, సోమవారం పొద్దున "వద్దండీ, వదిలేద్దాం" అంటారు. అప్పటికి చేతులు కాలిపోయి ఉంటాయి. ఎర్నెస్ట్ మనీ వదులుకోవాల్సి రావచ్చు.

ఇక్కడ ఏజెంటు సొంతంగా కాంట్రాక్టు రాయకూడదు. ట్రెక్ ఇచ్చిన ఫారంలో ఖాళీలు నింపడం వరకే. లీగల్ భాష మనం కల్పించి రాస్తే లాయరు పని చేసినట్టు. అందుకే ఆరు కోర్సుల్లో ఒకటి మొత్తం ఫారాల మీదే పెట్టారు. ఆ ఒక్కటైనా ఫారం ఎదురుగా పెట్టుకుని చదవండి.

బిట్‌బ్యాంక్_భాయ్

బాబాయ్ గారూ, మీ లెక్క బావుంది, నేను సేవ్ చేసుకున్నాను. కానీ దానికే కింద నాలుగు ఆప్షన్లు పెడితే బిట్టే కదా! మీరే నా తరఫున వాదించినట్టుంది.

ఇంకో సంగతి. కారు లైసెన్స్ వచ్చిన రోజే ఎవరూ డౌన్‌టౌన్ హ్యూస్టన్‌లో సాయంత్రం ట్రాఫిక్ ఎక్కరు. ఇక్కడా అంతే. పాసైనా స్పాన్సరింగ్ బ్రోకర్ (తన కింద పనిలో పెట్టుకునే బ్రోకర్) లేకుండా లైసెన్స్ యాక్టివ్ కాదు. మొదటి రెన్యూవల్‌లోగా ఇంకో 90 గంటల చదువు ఎలాగూ ఉంది. పని నేర్పాల్సింది బ్రోకర్. అన్నీ పరీక్షకి ముందే నేర్చుకోవాలంటే ఎవరూ పరీక్షే రాయరు.

కేటీ_పద్మ

నేను బిట్ల వైపే, కానీ భాయ్ చెప్పిన కారణానికి కాదు.

నాది టెన్త్ దాకా తెలుగు మీడియం. నాకు సబ్జెక్టు కష్టం కాలేదు. ప్రశ్న అడిగే తీరే కష్టమైంది. "కింది వాటిలో ఏది కాదు" అంటాడు, "అన్నిటికంటే సరైనది ఏది" అంటాడు. నాలుగూ కరెక్టేననిపిస్తాయి. నేషనల్ పార్ట్‌లో సగం పాత ఇంగ్లిష్ లా మాటలు: ఫీ సింపుల్, లైఫ్ ఎస్టేట్, ఎన్‌కంబ్రెన్స్, ఎస్చీట్. ఎంత పుస్తకం చదివినా అవి నోటికి రాలేదు. బిట్లు చేస్తుంటేనే వచ్చాయి. లెక్కలంటే టెన్షన్ పడక్కర్లేదు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు, సెక్షన్‌కి (ఇక్కడి భూమి కొలత) 640 ఎకరాలు, కమిషన్, ప్రొరేషన్ (పన్నుల్లాంటివి రోజుల లెక్కన పంచడం). మన చిన్నప్పటి లెక్కల మాస్టారి దెబ్బలు తిన్నవాళ్ళకి ఇవో లెక్కా.

స్టేట్ పార్ట్ మాత్రం వేరు. మా తోడికోడలు ఏ రాష్ట్రానికైనా పనికొచ్చే యాప్ ఒకటి పట్టుకుని దాని మీదే కూర్చుంది. నేషనల్ పాసైంది, స్టేట్ పోయింది. పోతే ఏయే టాపిక్‌లో వెనకబడ్డామో ఒక రిపోర్టు ఇస్తారు. అందులో ఏజెన్సీ దగ్గర బాగా తక్కువ. ఆ యాప్ నిండా డ్యూయల్ ఏజెన్సీయేనట, అంటే ఒకే ఏజెంటు ఇద్దరి తరఫునా ఉండటం. టెక్సాస్‌లో కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకే బ్రోకర్ ఉంటే ఇంటర్మీడియరీ అనే పద్ధతి. ఇద్దరి రాతపూర్వక అంగీకారం కావాలి, ఇద్దరిలో ఎవరివైపూ మొగ్గకూడదు. ఆ తేడా యాప్‌కి తెలీదు, యాప్ చదివిన మా తోడికోడలికీ తెలీలేదు. అదృష్టం ఏంటంటే పోయిన పార్ట్ ఒక్కటే మళ్ళీ రాయచ్చు.

మియాపూర్_ప్లాట్లు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మీరు పరీక్షకి ఎలా చదవాలని కొట్టుకుంటున్నారు. మా హైదరాబాద్‌లో పరీక్షే లేదు! రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంటుగా రిజిస్టర్ చేయించుకుంటే చాలు. అదీ లేకుండా ప్లాట్లు తిప్పేవాళ్ళు కోకొల్లలు. మహారాష్ట్ర రెరా వాళ్ళు 2023లో ఏజెంట్లకి శిక్షణ, పరీక్ష తప్పనిసరి అన్నారు. మన దగ్గర కూడా వస్తే బావుణ్ణు అనుకునేవాణ్ణి. బిట్లతో పాసైపోవడమే అయితే వచ్చి ఏం లాభం?

బిట్‌బ్యాంక్_భాయ్

@మియాపూర్_ప్లాట్లు బిట్లతో పాసైనా, ఎస్క్రో (డీల్ ముగిసేదాకా డబ్బు మూడోవాళ్ళ దగ్గర ఉంచడం) అంటే ఏంటో తెలిసినవాడు మీ దగ్గర తిరిగేవాడికంటే నయమే కదన్నా.

@కేటీ_పద్మ మీతో ఏకీభవిస్తున్నా. ఏ బిట్లు అన్నది ముఖ్యమే. టెక్సాస్‌వే చెయ్యాలి.

ఇర్వింగ్_బాబాయ్

టెక్సాస్‌వే అయినా ఎప్పటివి? అదే నా బాధ. 2024 ఆగస్టు 17 నుంచి రియల్టర్లు ఇల్లు చూపించే ముందు కొనేవాళ్ళతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలన్నారు. కోర్టు కేసు సెటిల్‌మెంట్‌తో వచ్చిన మార్పు అది. 2026 జనవరి 1 నుంచి టెక్సాస్ చట్టమే అలాంటి ఒప్పందం ఉండాలంటోంది. ఆప్షన్ ఫీ కూడా 2021కి ముందు అమ్మేవాళ్ళకి ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు టైటిల్ కంపెనీకి. గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లలో ఇవన్నీ సరిచేసి ఉన్నాయని ఎవరు చెప్పగలరు? పాత జవాబుని మీరు ఎంత గట్టిగా బట్టీ పడితే అంత గట్టిగా తప్పు పెడతారు.

అమ్మా ఫ్రిస్కో, "వచ్చిన ప్రశ్నలు" అన్న ఆ పీడీఎఫ్ ముందు తీసేయండి. లోపల చూసిన ప్రశ్నలు బయటపెట్టనని అక్కడ ప్రతివాళ్ళూ ఒప్పుకునే పరీక్షకి కూర్చుంటారు. లైసెన్స్ ఇచ్చేవాళ్ళు నిజాయితీ కూడా చూస్తారు, వేలిముద్రలు ఊరికే తీసుకోరు.

భాయ్ అన్నదానికి ఒక జవాబు. పని బ్రోకర్ నేర్పిస్తాడు, నిజమే. కానీ కొన్ని విషయాలు నేర్పేలోపే ఎదురవుతాయి. ఫెయిర్ హౌసింగ్ చట్టం (ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనేది) బిట్లు అందరూ చేస్తారు. 1968 చట్టం, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబాలు చేరాయి, ఏడు వర్గాలు. "స్టీరింగ్ అంటే ఏమిటి" అంటే ఠక్కున బీ అని నొక్కుతారు. లైసెన్స్ వచ్చిన వారానికే గుంటూరు నుంచి తెలిసినవాళ్ళ అబ్బాయి ఫోన్ చేస్తాడు: "అక్కా, మనవాళ్ళు ఎక్కువ ఉన్న కమ్యూనిటీలో చూపించవా?" మా కొత్తవాళ్ళందరి నోటా వచ్చే జవాబు "ఆఁ, తప్పకుండా తమ్ముడూ". అదే స్టీరింగ్! నేషనల్ ఆరిజిన్ చూసి ఇళ్ళు ఎంచి చూపించినట్టు. బిట్టులో ఆ మాట ఇంగ్లిష్‌లో ఉంటుంది, జీవితంలో ఆప్యాయంగా తెలుగులో వస్తుంది. తూర్పు ముఖం కావాలంటే చూపించండి, ఈశాన్యం పెరగాలంటే వెతకండి, అదంతా ఇంటి లక్షణం. ఆఫీసుకి ఎంత దూరం, ఏ స్కూల్ జోన్, బడ్జెట్ ఎంత, ఇవి అడిగి దాన్నిబట్టి చూపించండి. ఎవరు ఎక్కువ ఉంటారన్నది మీ నోట రాకూడదు.

కేటీ_పద్మ

ఇది మాత్రం నిజం. నాకు వచ్చే ఫోన్లలో బెడ్‌రూములు ఎన్ని అనేకంటే ముందు వచ్చే ప్రశ్న ఇదే. "చట్టం ఒప్పుకోదండీ" అంటే "అదేంటక్కా, మనలో మనకి చట్టమేంటి" అంటారు.

ప్లానో_హెచ్1బీ

చిన్న డౌట్. నేను హెచ్1బీ మీద ఉన్నాను, శని ఆదివారాల్లో చేద్దామని కోర్సులు మొదలుపెట్టాను. ఓకే కదా?

బిట్‌బ్యాంక్_భాయ్

బ్రో, లైసెన్స్ ఇచ్చేది స్టేట్, పని చెయ్యడానికి అనుమతి ఇచ్చేది ఇమ్మిగ్రేషన్. అవి రెండూ వేరు. హెచ్1బీ మీ స్పాన్సర్ కంపెనీ ఉద్యోగానికే. పక్కన కమిషన్ తీసుకుంటే వీసాకే ఎసరు. ముందు లాయర్‌తో మాట్లాడండి, తర్వాతే డబ్బు పెట్టండి. దీనికి బిట్లు లేవు.

బాబాయ్ గారూ, పాత పీడీఎఫ్ సంగతి ఒప్పుకున్నా. స్టీరింగ్ ఉదాహరణ కూడా గట్టిదే. కానీ ఫారాలు చదివితేనే పాసవుతారన్నది ఒప్పుకోను. మీ లెక్క తప్పు చెప్పినవాళ్ళు కూడా పాసైనవాళ్ళేనని మీరే అన్నారు. ఈవిడ అడిగింది పరీక్ష గురించి. మీరు చెప్తున్నది ఉద్యోగం గురించి.

ఇర్వింగ్_బాబాయ్

ఆవిడ పరీక్ష రాసేది ఉద్యోగానికే కదయ్యా. ఏడాదిలో మూడుసార్లు పోతే మళ్ళీ కోర్సులు కట్టాలి. ఒక పార్ట్ పోతే 30 గంటలు, రెండూ పోతే 60. ఆ గంటలేవో ఇప్పుడే ఫారం మీద పెట్టమంటున్నాను. నేషనల్‌కి బిట్లు చేసుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు.

ఫ్రిస్కో_కొత్త

అందరికీ థాంక్స్. పీడీఎఫ్ డిలీట్ చేశాను. గ్రూపులో చెప్తే ఇద్దరికి కోపమొచ్చింది. స్లాట్ ఇంకా బుక్ చెయ్యలేదు. ట్రెక్ వెబ్‌సైట్ నుంచి 20వ నంబరు ఫారం ప్రింట్ తీసి, ఎవరో కొంటున్నట్టు పేర్లు, తేదీలు వేసి నింపుతూ కూర్చున్నాను. ఐదో పేరా దగ్గరే గంట పట్టింది. భాయ్ గారూ, మీరు చెప్పిన రోజుకి వంద కూడా చేస్తున్నాను, నేషనల్‌వి.

బాబాయ్ గారూ, మీ లెక్కలో ఒక డౌట్. ఆ సోమవారం లేబర్ డే అయితే?

ఇర్వింగ్_బాబాయ్

డబ్బుకి గడువు మంగళవారం. ఆప్షన్‌కి అదే ఆదివారం, సాయంత్రం 5 గంటలు. ఆ 5 కూడా ఇల్లు ఉన్న చోటి టైమ్ అమ్మా. ఎల్ పాసోలో ఇల్లయితే మనకి 6 అవుతుంది.